షార్మ్యుట్సెల్, లేదా నన్నెవరూ వెనక్కి పిలవని రోజు

మన తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో కలిసినప్పుడు మీలో ఎవరో ఒకరు నన్ను తప్పకుండా అడుగుతారు: "అంకుల్, ఇన్నేళ్ళు ఇక్కడ పనిచేశారు కదా, జర్మన్లతో నెగోషియేట్ చేయడానికి ఏదైనా టిప్ చెప్పండి." చేతిలో పులిహోర ప్లేటు, వెనక మైకు గోల. అందులో టిప్ ఏం చెప్తాను? "టెర్మిన్‌కి, అదే అపాయింట్‌మెంట్‌కి, టైముకి వెళ్ళండి నాయనా" అని తప్పించుకుంటాను. అసలు జవాబు ప్లేటు ఖాళీ అయ్యేలోపు తేలేది కాదు. అందులో నేను ఒక గదిలోంచి లేచి వచ్చేయడం ఉంది. ఒక పసిపిల్ల కీటా, అంటే పగటిపూట పిల్లల్ని చూసుకునే చోటు, ఉంది. అన్నిటికీ మించి ఒక సైనిక పదం ఉంది. అది చెవినపడితే నాకిప్పటికీ చిరాకే.

మాది కొట్ల వంశం. నాన్నది ఖమ్మంలో బట్టల కొట్టు. పక్కన పెదనాన్న కిరాణా, ఎదురుగా మేనమామ స్టీలు సామాన్ల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు బేరం వచ్చేది. నీకేం కావాలో ఎదుటివాడికి తెలియనివ్వకూడదన్నది మొదటి పాఠం. అవసరం మొహంలో కనబడిందో, ధర అక్కడే కూర్చుంటుంది. దాని తర్వాతది నాన్న మాటల్లోనే చెప్పాలి: "కూర్చోవడం అందరికీ వస్తుందిరా. వేళకి లేవడం వచ్చినవాడే బేరగాడు."

ఆ లేవడం సంగతి మీకు తెలియకపోవచ్చు, మీరంతా ఆన్‌లైన్‌లో కొంటారు కాబట్టి చెప్తాను. బేరం కుదరకపోతే కొనేవాళ్ళు లేస్తారు. చీర మడత మీద చెయ్యి వేసి, "వస్తామండీ" అని, గడప వైపు నిదానంగా నడుస్తారు. కొట్టువాడు గడప దాకా పోనిస్తాడు. అప్పుడు "అమ్మా, రండమ్మా, బోణీ బేరం, మీ మాటా కాదు, నా మాటా కాదు" అని పిలుస్తాడు. లేచినవాళ్ళకు కోపం లేదు, పిలిచినవాడికి ఓటమి లేదు. ఎవరెంత దూరం నడిచారో చూసి వాళ్ళ మనసులో ఎంతుందో నాన్న చెప్పేసేవాడు.

అయినా నాకా కొట్టు అక్కర్లేకపోయింది. తెల్లవారకముందే లేచి, చలిలో ఆ ఇనప షట్టర్ ఎత్తి, గడపకు నీళ్ళు చల్లడం నావల్ల కాదనే చదువు మీద పడ్డాను. ఆ చదువు చివరికి నన్ను జర్మనీలో దింపింది.

మా కంపెనీ చిన్నది. కార్లలో డ్రైవర్ ముందుండే తెర మీద బొమ్మలూ హెచ్చరికలూ సరిగా వస్తున్నాయో లేదో పరీక్షించే పని. మా ఆఫీసు స్టుట్‌గార్ట్‌లో, పని ఇప్పించేవాళ్ళు జిండెల్ఫింగెన్ కార్ల ప్లాంటులో. నేను కోఆర్డినేటర్‌ని. అంటే స్వయంగా ఏమీ పరీక్షించకుండా, అందరి తరఫునా మీటింగుల్లో చివాట్లు తినేవాడిని. ఆ చివాట్లలో వాటాదారుగా నాతో ఒక జర్మన్ పెద్దాయన్ని పంపేవారు.

ఆయన కుర్రతనంలో కొన్నాళ్ళు సైన్యంలో పనిచేశాడు. ఆ కొన్నాళ్ళే ఆయన జీవితానికి సరిపడా తిరగమోత అయ్యాయి. శని ఆదివారాలు బూట్లు కట్టుకుని పాత యుద్ధాలు జరిగిన పొలాలకు వెళ్ళేవాడు. అక్కడేముంటుందని అడిగాను. "బీట్‌దుంపలు" అన్నాడు. ఆ దుంపల మధ్య నిలబడి, ఎవరు ఎటునుంచి వచ్చారో ఊహించుకుంటూ, రొట్టె తిని వచ్చేవాడట. మా ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి 'మీరు' అన్న మర్యాదే నడిచింది. ఒకే ఎస్-బాన్ లోకల్ రైల్లో ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు విసిగించుకునేవాళ్ళం, మర్యాదగా.

ఆయన దృష్టిలో ప్రతి మీటింగూ 'షార్మ్యుట్సెల్'. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు, అంటే ఏమిటని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"పెద్ద సైన్యం వెనకాల నడిచి వస్తూ ఉంటుంది" అని మొదలుపెట్టాడు. "దానికి ముందు ఒక చిన్న గుంపు వెళ్తుంది. అవతలివాళ్ళ చిన్న గుంపు ఎదురుపడుతుంది. నాలుగు తూటాలు ఇటు, నాలుగు అటు. వాళ్ళెక్కడున్నారో, ఎందరున్నారో కనిపెట్టి వెనక్కి వచ్చేస్తారు. అది షార్మ్యుట్సెల్. యుద్ధం కాదు."

"మరి గెలిచేదెవరు?"

"ఎవరూ గెలవరు. అందులో గెలవాలనుకున్నవాడు చస్తాడు." ఇక ఆయన కళ్ళు మెరిశాయి. "ఈ మాట పుట్టుక ఇంకా బావుంటుంది. ఎక్కడినుంచి వచ్చిందంటే..."

"స్టేషన్ వచ్చింది" అన్నాను.

అది మొదలు, ఆయన ఆ మాట పుట్టుక దగ్గరకు రావడం, నేను ఏదో అడ్డం వేయడం. మా కొట్లలో సరుకు ఎక్కడ తయారైందో అడుగుతారు గానీ మాట ఎక్కడ తయారైందని ఎవడడిగాడు? కక్ష తీర్చుకోవడానికి నేనూ మా నాన్న కొట్టు కథలు మొదలుపెట్టేవాణ్ణి: చీరల బేరాలు, గడప, బోణీ. ఆయన తల ఊపుతూ వినేవాడు. వింటున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు.

మా టీములో ఒక కరీంనగర్ అమ్మాయి ఉండేది. తెర మీద ఒక్క చుక్క వంకరగా వచ్చినా ఆమె కంటినుంచి తప్పించుకోలేదు. భర్త ఫ్రైబర్గ్‌లో, ఆ గనుల యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ శని ఆదివారాలకే ఇల్లు చేరేవాడు. మూడేళ్ళు నిండని కూతురు. ఊళ్ళో ఉన్న ప్రతి కీటాలో పేరు రాయించి, ఫోన్లు చేసి, వెళ్ళి బతిమాలి, ఆఖరికి ఒకచోట పాపకు చోటు సంపాదించింది. ఉద్యోగం వచ్చినప్పుడు కూడా స్వీట్లు పంచని మనిషి, ఆ రోజు ఆఫీసుకు డబ్బా నిండా సున్నుండలు తెచ్చింది. జర్మన్ పెద్దాయన రెండు తిని, ఇవి సైనికుల జేబులో పెట్టాల్సిన తిండి అన్నాడు.

ఒకసారి ఆమెనే అడిగాను, షార్మ్యుట్సెల్‌ని మన భాషలో ఏమనాలని. కయ్యం అందామంటే పెద్దదైపోతోంది, ఘర్షణ అంటే పేపరు వార్తలా ఉంది.

"గింత ఆలోచనెందుకన్నా, లొల్లి అంటే సరిపాయె" అంది.

ఆ లొల్లే మా నెత్తి మీదికి వచ్చింది. ప్లాంటులో కొత్త కార్ల నమూనాలు పొద్దున్నే, ఇంజనీర్లు రాకముందు కాసేపు ఖాళీగా ఉంటాయి. ఆ వేళకి మా మనిషి ఒకరు వచ్చి పరీక్ష మొదలుపెట్టాలని ప్లాంటు వాళ్ళు అడిగారు. అది ఆ అమ్మాయి పాపను కీటాలో దింపే వేళ అని చెప్పకుండా నేను, కాస్త ఆలస్యంగా వస్తే కుదరదా అన్నాను. కుదరదన్నారు. వచ్చే మీటింగులో ఇంకాస్త ముందుకు జరిగాను. మళ్ళీ అదే జవాబు. చెప్పిన మొదటి ధరే ఆఖరి ధర అయ్యే కొట్టు భూమ్మీద ఉంటుందని నాకు తెలియదు. నేను బేరమాడుతున్నాననే అనుకున్నాను. వాళ్ళేమో మాకు పని చేయడం ఇష్టం లేదని అర్థం చేసుకున్నారు.

ఇంతలో కబురు వచ్చింది: ఆ పని మా హానోవర్ శాఖకు ఇస్తారట. వాళ్ళు వారం వారం ఒక మనిషిని పంపి, హోటల్లో పెట్టి, పొద్దున్నే పని చేయిస్తామన్నారట. మా కంపెనీకి చీమకుట్టినట్టయినా లేదు, పని ఇంట్లోనే ఉంటుంది కదా. మునిగేది ఒక్కరే. ఆ అమ్మాయి కుర్చీ పనితోపాటు హానోవర్ వెళ్తుంది.

"హానోవర్ పోతే కీటా మళ్ల మొదటికెల్లి మొదలన్నా" అంది. "పోకుంటే జాబ్ లేదు. జాబ్ లేకుంటే ఈడ ఉండనిచ్చే బ్లూ కార్డ్ ఏమైతదో ఎవరికెరుక. నువ్వు వాళ్లకు సక్కగ చెప్పరాదు? పొద్దుగాల నాకు కీటా ఉంది, వేరేటోళ్లను పెడతమని."

"చెప్పకూడదమ్మా. మన అవసరం తెలిస్తే నెత్తికెక్కుతారు."

"ఇదేమన్న చీరల దుకాణమా అన్నా? వాళ్లకు పిల్లలు లేరా?"

"నాకొదిలెయ్" అన్నాను, సరిగ్గా మా మేనమామ గొంతుతో.

మీటింగు రోజున ఎస్-బాన్‌లో పెద్దాయన మరీ మరీ చెప్పాడు. "ఇవాళ ఏదీ తేల్చొద్దు. వాళ్ళకు నిజంగా ఏం కావాలో చూసి వెనక్కి వద్దాం. షార్మ్యుట్సెల్, అంతే."

"అర్థమైంది" అన్నాను. అర్థమైంది అన్నప్పుడల్లా నాకు ఏమీ అర్థం కాలేదని మా ఆవిడకు తెలుసు. పాపం, ఆయనకు తెలియదు.

గదిలో ప్లాంటు పరీక్షల విభాగం పెద్ద కూర్చుని ఉంది. మీటింగుకి ఇంటినుంచి ఆపిల్ తెచ్చుకుని, చాకుతో ముక్కలు కోసుకుని తినే ఆవిడ. పక్కన మినిట్స్ రాసే కుర్రాడు. ఆవిడ సూటిగా చెప్పింది: "వేసవి దాకా సగం పని మీ దగ్గరే ఉంచుతాం. తర్వాత హానోవర్."

నా లోపలి కొట్టువాడు నిద్రలేచాడు. సగం ఇస్తానందంటే మొత్తం ఇవ్వగలదు. బేరం గడప దాకా వచ్చింది. ఇప్పుడు కావలసింది ఒక్కటే.

లాప్‌టాప్ మూశాను. "అలాగైతే మావల్ల కాదండీ" అన్నాను. లేచి, ఆవిడకు షేక్‌హ్యాండ్ ఇచ్చాను. నిదానంగా, హుందాగా తలుపు వైపు నడిచాను. పెద్దాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నటన మరీ సహజంగా వచ్చిందని లోపల మురిసిపోయాను.

కారిడార్‌లోకి వచ్చాను. పిలుపు లేదు. పిలిస్తే వినబడాలి కదా అని కాఫీ మెషిన్ దగ్గర ఆగాను. ఎవరో వచ్చి, మీరు లైన్లో ఉన్నారా అని అడిగారు. లేనన్నాను. విడిపోని బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. తలుపు తెరుచుకోలేదు. లిఫ్ట్ వచ్చింది. దాన్ని ఒకసారి పోనిచ్చాను. రెండోసారి ఎక్కక తప్పలేదు. కింద రిసెప్షన్‌లో విజిటర్ పాస్ అడిగారు. ఇచ్చేశాను. పాస్ ఇచ్చేశాక ఇక లోపలికి వెళ్ళే దారి లేదన్న సంగతి గేటు బయట వానలో నిలబడ్డాక తట్టింది.

ఫోన్ మోగింది. కరీంనగర్ అమ్మాయి.

"ఏమైందన్నా?"

"బేరం నడుస్తోందమ్మా."

"నువ్వేడున్నవ్? కార్ల సప్పుడు వినవడుతుంది."

"బయట. గేటు దగ్గర."

"బేరం లోపల గదన్నా నడిచేది?" అంది.

అంతసేపూ వాళ్ళ మీదే నా చిరాకు. ఇదేం మనుషులు, ఒక మనిషి లేచి వెళ్తుంటే ఆగమని ఒక్క మాట అనరా? కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ కావాలన్నారు. అవతలివాడికి ఆటే రాకపోతే మనమెంత బాగా ఆడి ఏం లాభం? ఆమె ప్రశ్న విన్నాక ఆ చిరాకు మలుపు తిరిగి నా మీదికి వచ్చింది. నాన్న కొట్లో లేచి వెళ్ళినవాళ్ళకు చీర లేకపోయినా ఇల్లుంది. నేను లేచి వచ్చింది నా చీర కోసం కాదు. ఆ పిల్ల కీటా చోటు అక్కడ బల్ల మీద వదిలేసి వచ్చాను.

చాలాసేపటికి పెద్దాయన గొడుగు కింద తాపీగా నడిచొచ్చాడు. నన్ను ఎదురుగా ఉన్న బేకరీలోకి తీసుకెళ్ళాడు. రెండు కాఫీలు చెప్పి, తన కోటు ఆరేసుకుని, అప్పుడు నోరు విప్పాడు.

"మీరు వెళ్ళగానే ఆ కుర్రాడు 'సంస్థ తిరస్కరించింది' అని రాయబోయాడు. ఆగమన్నాను."

"మరి ఆవిడ?"

"తిరస్కరించారు కదా, ఇంకేముంది అంది. నేను చెప్పాను: ఆయన వెళ్ళిపోలేదు, పిలుస్తారని వెళ్ళాడు. ఆయన ఊళ్ళో గడప దాటేలోపు పిలవాలి, అది ఆచారం అన్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏళ్ళ తరబడి నేను కక్షకొద్దీ చెప్పిన కథలు ఈయన ఒక్కటీ వదలకుండా విన్నాడు.

"ఆవిడేమంది?"

"అయితే వెళ్ళి పిలుచుకురానా అని అడిగింది. అక్కర్లేదు, ఆయన లేకపోతేనే త్వరగా తేలుతుంది అన్నాను."

అలా తేలింది కూడా. పని ఎందుకు హానోవర్‌కి పంపుతున్నారని సూటిగా అడిగాడట. పొద్దున్నే రావడానికి మీవాళ్ళకు ఇష్టం లేదు కదా అందట ఆవిడ. ఇష్టం లేక కాదు, ఒక తల్లికి కీటా తెరిచే వేళ అది అని ఈయన చెప్పాడు.

"మీరెలా చెప్పారు? అది ఆమె సొంత విషయం!"

"ఆమే చెప్పమంది. నిన్న నా దగ్గరకు వచ్చి, మా అన్న ఎలాగూ చెప్పడు, మీరు చెప్పండి అంది."

కాఫీ కప్పు కింద పెట్టాను. ఈ బేరంలో నాకు తప్ప అందరికీ అన్నీ తెలుసు.

"ఆ విభాగం ఆవిడ ఏమందో తెలుసా?" అన్నాడు. "మా అబ్బాయి కీటా కోసం నేనూ ఏడ్చాను, ఈ మాట మొదటి మీటింగులోనే చెప్పొచ్చు కదా అంది. పొద్దున ఎవరో ఒకరు రండి చాలు, మిగతా పని ఆ అమ్మాయి వచ్చాక చేసుకోవచ్చు అంది. పని మొత్తం ఇక్కడే ఉంటుంది."

ఊపిరి పీల్చుకున్నాను. "మరి పొద్దున వచ్చేదెవరు?"

పెద్దాయన కాఫీలో పంచదార కలుపుతూ కిటికీ బయటికి చూశాడు. "మీరు."

"నేనా? నన్నడగకుండానా?"

"మీరు గదిలో లేరు కదా."

ఆ నిమిషాన నాకు వచ్చిన కోపం రాయడానికి మంచి తెలుగు చాలదు. మూడు తరాల బేరగాళ్ళ రక్తం నాది. నా పొద్దుటి నిద్రను నా వెనకాల, నా పరోక్షంలో, రూపాయి కూడా బేరమాడకుండా అమ్మేశాడు ఈ బీట్‌దుంపల సైనికుడు.

"ఇప్పుడు స్టేషన్ దూరంగా ఉంది కాబట్టి చెప్తాను" అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ రోజు మొదటిసారి అడ్డుపడకుండా విన్నాను. అడ్డుపడే నోరు నాకెక్కడిది?

పాత జర్మన్ భాషల్లో 'షిర్మెన్' లాంటి ఒక మాట ఉండేదట. కాపు కాయడం, అడ్డుగా నిలవడం అని అర్థం. గొడుగుకు వీళ్ళనే 'షిర్మ్' ఆ ఇంటిదే. ఆ మాట దక్షిణానికి ఇటలీ వాళ్ళ నోట్లో, పడమటికి ఫ్రెంచి వాళ్ళ నోట్లో పడి, కత్తి అడ్డుపెట్టడమై, కత్తిసాము అయి, చిన్నపాటి పోరాటమైంది. ఇంగ్లీషు వాళ్ళ 'స్కర్మిష్' కూడా ఆ సంతానమే. చివరికి ఇటలీ బట్టలు వేసుకుని షార్మ్యుట్సెల్ అన్న పేరుతో పుట్టింటికి తిరిగొచ్చింది. వాళ్ళకది తమ పిల్లేనని గుర్తే లేదు.

"పండితులందరూ ఒప్పుకుంటారా?" అన్నాను, అలవాటు చావక.

"ఇటలీ మాటకు మూలం తేలలేదనేవాళ్ళూ ఉన్నారు" అని ఒప్పుకున్నాడు. "కానీ పని చూడండి. ముందుకు వెళ్ళే ఆ చిన్న గుంపు ఉన్నదే వెనక వచ్చేవాళ్ళకు అడ్డు నిలవడానికి. మీరు ముందుకు బాగానే వెళ్ళారు. వెనక ఎవరున్నారో మరిచిపోయారు."

అవమానం సరే, ఇంత మంచి మాటను ఏళ్ళ తరబడి నేను 'స్టేషన్ వచ్చింది' అని తోసేశానే అన్నది ఇంకా మండించింది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు జరిగింది చెప్పాను. అంతా విని, "మీరు లేచి వెళ్ళిపోతే నేనైనా పిలవను" అంది. మర్నాటి నుంచి తెల్లవారకముందు కాఫీ ఎవరికి వారే పెట్టుకోవాలని కూడా అప్పుడే తేల్చేసింది. అక్కడా బేరం లేదు.

మొదటి రోజు చీకట్లో మొదటి బండి పట్టుకుని, ముక్కు కారుతుండగా ప్లాంటు చేరాను. సెక్యూరిటీ అతను తాళం చేతిలో పెట్టి, పరీక్షల షెడ్డు చూపించాడు. దానికి ఇనప షట్టర్ ఉంది. మామూలుగా మోటారుతో లేస్తుందట, ఆ చలికి మోటారు మొరాయించింది. వంగి, రెండు చేతులా ఎత్తాను. అచ్చం ఖమ్మం కొట్టు షట్టర్ చప్పుడే. ఏ చప్పుడు నుంచి పారిపోయి ఇన్ని సముద్రాలు దాటానో, అది నాకంటే ముందొచ్చి ఇక్కడ కూర్చుంది. చెయ్యి దానంతటదే గడపను తాకి కళ్ళకు అద్దుకుంది. ఏదైనా పడిపోయిందా అని సెక్యూరిటీ అతను టార్చి వేసి వెతికాడు.

రిటైరయ్యే దాకా ఆ షట్టర్ నాదే. కరీంనగర్ అమ్మాయి పాపను కీటాలో దింపి, తరవాత వచ్చేది. "బోణీ అయిందా అన్నా?" అని రోజూ ఎగతాళి. ఇప్పుడా పొద్దుటి వంతు ఆమెదే, పాప బడికి వెళ్తోంది. పెద్దాయన నాకంటే ముందే రిటైరై, పూర్తిగా దుంప పొలాలకు అంకితమైపోయాడు.

నా ఆఖరి రోజున ఆ ఆపిల్ ఆవిడ గదికి వెళ్ళాను. సెలవు తీసుకున్నాను, షేక్‌హ్యాండ్ ఇచ్చాను. పాత అలవాటు చూడండి, తలుపు వైపు నిదానంగా నడిచాను. గడప దగ్గరికి వచ్చానో లేదో వెనకనుంచి గట్టిగా వినబడింది: "ఆగండి! ఒక్క నిమిషం!"

ఇన్నేళ్ళకి. నాన్న చూడాల్సింది. గుండె నిండిపోయి, తొందరపడకుండా, మా వంశ మర్యాద ప్రకారం మెల్లగా వెనక్కి తిరిగాను.

"షట్టర్ తాళం ఇచ్చి వెళ్ళండి" అంది ఆవిడ.